భవనాల లోపల దారి చూపే పరికరాలు: సాధనంతో పాటు భవనమూ సిద్ధం కావాలి

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలో దసరా బన్ని ఉత్సవానికి ప్రసిద్ధి చెందిన దేవరగట్టు కొండ వద్ద, ఆరుబయట, సెల్‌ఫోను ఉపగ్రహ సంకేతాల ద్వారా తానున్న చోటును గుర్తించగలదు. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలోని పెద్ద భవనంలో అడుగుపెట్టిన పిదప అదే ఫోను సరైన దారి చూపలేదు. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తు నుండి వచ్చే జి.పి.ఎస్. సంకేతం పైకప్పును, గోడలను దాటేసరికి క్షీణించడమే ఇందుకు కారణం. ఫలితంగా చూపు లేని రోగి ఆసుపత్రిలో ఓ.పి. గదిని, మందుల కౌంటరును చేరుటకు ఇతరులపై ఆధారపడవలసి వస్తున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దృష్టి లోపం గలవారు, వినికిడి లోపం గలవారు ఒక్కొక్క విభాగంలో దాదాపు 50 లక్షల మంది ఉన్నారు.

పనిచేయు విధానం

మణికట్టుకు, నడుముకు లేదా కళ్లజోడుకు అమర్చుకునే పరికరంలోని సెన్సార్లు వ్యక్తి అడుగులను, మలుపులను లెక్కిస్తాయి. నడిచే కొద్దీ ఈ లెక్కలో తప్పు పెరుగుతుంది. గోడలపై అమర్చిన చిన్న బ్లూటూత్ బీకన్ల సంకేతాల ఆధారంగా పరికరం ఆ తప్పును సరిదిద్దుకొని, భవనం డిజిటల్ పటంతో పోల్చి దారి సూచిస్తుంది.

ఢిల్లీ ఐ.ఐ.టి. రూపొందించగా 2014లో విడుదలైన స్మార్ట్‌కేన్ ఇందుకు భిన్నమైనది. చేతికర్రకు అమర్చే ఈ సాధనం అల్ట్రాసోనిక్ తరంగాలతో 3 మీటర్ల వరకు అడ్డంకులను కనుగొని ప్రకంపనలతో హెచ్చరిస్తుంది. గమ్యానికి దారి చెప్పదు.

అవసరాలు వేరు

చూపు లేనివారు పరిసర శబ్దాల ఆధారంగానే నడుస్తారు. చెవులను పూర్తిగా మూసే ఇయర్‌ఫోన్ వారికి మేలు కంటే కీడే చేయవచ్చును. వినికిడి లోపం గలవారికి దారి కంటే పిలుపు ముఖ్యం. టోకెన్ నంబరు, రైలు ప్రకటన, అగ్నిప్రమాద హెచ్చరిక వారికి అక్షరాలుగా, వెలుగుగా, ప్రకంపనగా అందాలి. రెండు లోపాలూ ఉన్నవారికి స్పర్శయే ప్రధాన ఆధారం.

చట్టపరమైన బాధ్యత

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రజా భవనాలు అందరికీ సుగమంగా ఉండాలని నిర్దేశించింది. రాజీవ్ రతూరి కేసులో హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం నివేదికను పరిశీలించిన సుప్రీంకోర్టు, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలలలో రూపొందించాలని 2024 నవంబరు 8న కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

పరికరం వ్యక్తి వద్ద ఉన్నా, పటం, బీకన్లు భవనంలో ఉండాలి. బీకన్ల బ్యాటరీలను గడువులోగా మార్చే బాధ్యతను ఒక ఉద్యోగికి అప్పగించడం అవసరం. కార్యాలయంలో ఒక విభాగాన్ని వేరే గదికి మార్చిన రోజే పటాన్నీ సవరించాలి. లేనిచో పరికరాన్ని నమ్మి వచ్చిన వ్యక్తి తాళం వేసిన తలుపు వద్ద ఆగిపోవలసి వస్తుంది.