మీకు తెలుసా? సోలాపూర్‌లో చలికాలపు నడక

సెలవు పెట్టి, చలిలో తీరిగ్గా ఊరంతా నడిచి చూడాలనుందా? సంక్రాంతికి రెండు రోజుల ముందే సోలాపూర్ చేరండి. 12వ శతాబ్దపు శివయోగి సిద్ధరామేశ్వరుడు ఈ ఊరి చుట్టూ 68 లింగాలు ప్రతిష్ఠించాడని భక్తుల నమ్మకం. పండగ ముందు జరిగే వేడుకలో నందిధ్వజాలనే ఏడు ఎత్తైన గడలను వాటన్నిటి దగ్గరికీ కాలినడకనే మోసుకెళ్తారు. లింగాలకు నూనెతో అభిషేకం జరుగుతుంది. ఆ వేడుక పేరు 'ఎణ్ణె మజ్జన'. కన్నడంలో ఎణ్ణె అంటే నూనె, మజ్జన అంటే స్నానం.

నందిధ్వజం మోసే మనిషిని దగ్గరగా చూడండి. తెల్లటి బారాబందీ చొక్కా తొడుక్కుని, ఇంటిని మించిన ఎత్తున్న వెదురు గడను నిటారుగా నిలిపి అడుగులో అడుగు వేస్తాడు. గడ ఊగితే చూసేవాళ్ల గుండె జారుతుంది!

నూనె అభిషేకం మర్నాడు అక్షతల వేడుక. ఒక కుమ్మరి కన్యతో సిద్ధరాముడి పెళ్లిగా దాన్ని జరుపుతారు.

తూర్పు పేటల్లోకీ తప్పక నడవండి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి తరతరాల కిందట వలస వచ్చిన పద్మశాలీల ఇళ్లవి. మరమగ్గాల చప్పుడు మధ్య అచ్చమైన తెలంగాణ పలుకు వినిపిస్తుంది. చలికి కప్పుకోను సోలాపూర్ దుప్పటి అక్కడే కొనుక్కోవచ్చు.