పాత ఫోర్‌ట్రాన్‌లో ‘రాము’ పొడవు 10 ఎందుకు?

పైథాన్‌లో రాము అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి లెన్ అడిగితే 4 అంటుంది. అదే పేరును ఫోర్‌ట్రాన్ 77లో ‘క్యారెక్టర్*10’ అని డిక్లేర్ చేసిన వేరియబుల్‌లో పెట్టి లెన్ అడగండి, 10 అంటుంది. ఇది బగ్ కాదు. అక్కడ వేరియబుల్ అంటే ముందే కొలిచి కట్టిన పది గదులు. నాలుగు నిండితే మిగతా ఆరింట్లో స్పేస్‌లు వచ్చి కూర్చుంటాయి. పన్నెండు అక్షరాల పేరిస్తే చివరి రెండూ చప్పుడు లేకుండా ఎగిరిపోతాయి, ఎర్రర్ కూడా రాదు.

తెలుగు లిపిలో ఇస్తే ఇంకా తమాషా. జీఫోర్‌ట్రాన్ ఇక్కడ లెక్కపెట్టేది బైట్లను. యూటీఎఫ్-8లో ర, దీర్ఘం, మ, కొమ్ము, ఒక్కోటి 3 బైట్లు. మొత్తం 12. పది దగ్గర కోత పడేసరికి ‘రామ’ మిగిలి, పక్కన ఒక విరిగిన బైటు పిచ్చి గుర్తులా వేలాడుతుంది.

మరి ఏ పొడవు స్ట్రింగ్‌నైనా తీసుకునే సబ్‌రొటీన్ రాయలేమా? రాయొచ్చు, ‘క్యారెక్టర్*(*)’ అందుకే ఉంది. కానీ స్ట్రింగ్‌లో దాని పొడవు రాసి ఉండదు, సీలోలా చివర సున్నా కూడా ఉండదు. అందుకే జీఫోర్‌ట్రాన్ లాంటి కంపైలర్లు ఆ పొడవును ఆర్గ్యుమెంట్లన్నిటి చివర గుట్టుగా ఇంకో ఆర్గ్యుమెంట్‌గా పంపుతాయి. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

ఎందుకంటే ఆ గుట్టు 2019లో బయటపడింది. మ్యాట్రిక్స్ లెక్కలు చేసే లాపాక్ లైబ్రరీ చాలావరకు పాత ఫిక్స్‌డ్ ఫార్మాట్ ఫోర్‌ట్రానే. దాన్ని సీ నుంచి పిలిచేటప్పుడు ‘యూ’, ‘ఎల్’ లాంటి ఒక్క అక్షరం ఆప్షన్లు పంపాలి. ఒక్క అక్షరమే కదా అని ఆర్ భాష సహా చాలా ప్రోగ్రాములు పొడవు పంపడం మానేశాయి. ఏళ్ల తరబడి పనిచేసింది కూడా. తర్వాత జీఫోర్‌ట్రాన్ కొత్త ఆప్టిమైజేషన్‌లో, ఆ పొడవు ఉండాల్సిన చోటును తన అవసరానికి వాడుకుంది. పంపనే లేదు కాబట్టి అక్కడున్నది పిలిచినవాడి డేటా. అదంతా చెడిపోయింది. చివరికి జీసీసీ వాళ్లు పాత కోడ్ కోసం ప్రత్యేకంగా ఒక ఆప్షన్ పెట్టాల్సి వచ్చింది. తప్పు సీ వైపుదే అయినా, నా లెక్కలో అది సరైన నిర్ణయమే.

ఫోర్‌ట్రాన్ 2003 నుంచి పొడవు మారే స్ట్రింగ్‌లు నిజంగానే వచ్చాయి. పాత వేరియబుల్‌లో అసలు పొడవు కావాలంటే మాత్రం లెన్ కాదు, ఫోర్‌ట్రాన్ 90లో వచ్చిన లెన్_ట్రిమ్ వాడండి. మీరు కావాలని చివర పెట్టిన స్పేస్‌ని కూడా అది లెక్కలోకి తీసుకోదు.