పాత కెమెరాను కొనుటకు ముందు

రెండేండ్ల క్రిందట మా యమ్మాయి ఫోటోలు తీయుట నేర్చి, శుభకార్యములకు పోయి నాలుగు రాళ్లు తెచ్చుకొందునని ముచ్చటపడినది. క్రొత్త కెమెరా కొనుటకు మాకు శక్తి లేదు. చీటి పాడి తెచ్చిన 18,000 రూపాయలు పెట్టి, రెండు లెన్సులతో గూడిన యొక పాత డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరాను పట్టణమందు ఒకరివద్ద కొంటిమి. పైన ఒక్క గీతయైనను లేదు. “ఏడాదికి పదిసార్లు కూడ బయటికి తీయలేదమ్మా” అని అమ్మినాతడు చెప్పగా, అదియొక గుణముగా నెంచి సంతోషించితిమి. మొదటి బేరము ఒక బారసాల. దీపముల యెదుట తీసిన ప్రతి ఫోటోయందును మంచు కప్పినట్లు తెల్లని మసక. బాగుచేయువాడు లెన్సును వెలుగున కెదురుగా పట్టి చూపగా, లోపలి గాజుపై సాలెగూటివలె బూజు అల్లుకొని యున్నది. బయటికి తీయకుండ మూసియుంచుటయే ఆ రోగమునకు మూలమట! బారసాలవారి సొమ్ము వారికి తిరిగి యిచ్చివేసితిమి. కాని ఆ బిడ్డ బారసాల మరల వచ్చునా?

రత్నములను, గుఱ్ఱములను పరీక్షించుటకు మన పెద్దలు శాస్త్రములే వ్రాసిరి. కెమెరాకు అట్టి శాస్త్రము మాకెవరును చెప్పలేదు. రెండవమారు కొనుటకు ముందు అడిగియు, చదివియు, చేతులతో చేసి చూచియు తెలిసికొన్నది సోదరీమణులకు నివేదించుచున్నాము.

కెనాన్, నికాన్ మొదలగు సంస్థలు కొన్నేండ్లుగా అద్దము లేని కెమెరాలవైపు మొగ్గినవి. వృత్తిలోనివారు వానిని కొనుచు, తమ ఎస్ఎల్ఆర్ కెమెరాలను తక్కువ ధరకు అమ్మివేయుచున్నారు. కనుక మనబోంట్లకిది మంచి సమయమే. ఈ కెమెరాలో లెన్సు వెనుక నొక చిన్న యద్దము వాలుగా నుండి, ఎదుటి దృశ్యమును వ్యూఫైండరు ద్వారా మన కంటికి చూపును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును, దాని వెనుక షట్టరను తెర తెరచుకొని మూసికొనును, వెలుగు సెన్సరుపై పడును. ప్రతి ఫోటోకును ఇంత కదలిక కలదు. కదలు వస్తువున కరుగుదల తప్పదు.

అందుచేత మొదట అడుగవలసినది కెమెరా వయస్సు కాదు, షట్టరు ఎన్ని మారులు కదలినదను లెక్క. కెనాన్ 80డి కెమెరా షట్టరును 1,00,000 మారులకును, నికాన్ డి750 షట్టరును 1,50,000 మారులకును, డి850 షట్టరును 2,00,000 మారులకును సంస్థలు పరీక్షించి చెప్పినవి. అది దాటినంతనే ఆగిపోవునని కాదు. దాటిన పిమ్మట ఎప్పుడైనను ఆగవచ్చును, ధర యందుకు తగినట్లుండవలెను. నికాన్ కెమెరాతో ఒక ఫోటో తీసి, ఆ ఫైలును కంప్యూటరునందు పరిశీలించినచో ఈ లెక్క కనబడును. కెనాన్ కెమెరాలలో పెక్కింటికి లెక్క ఫోటోలో వ్రాయబడదు. కెమెరాను తీగతో కంప్యూటరునకు కలిపి, తగిన సాఫ్టువేరుతో చదువవలెను. “ఫోటో నంబరు రెండువేలే చూడండమ్మా” అని యెవరైన చూపినచో నమ్మకుడు. ఆ నంబరు 9999 దాటగానే మరల ఒకటికి వచ్చును.

లెక్క తక్కువయైనను పని చేయించి చూడవలెను. సెకనులో 4000వ భాగము వేగమున ఆకాశమును వరుసగా పది ఫోటోలు తీయుడు. ఏ ఫోటోలోనైన ఒక అంచున నల్లని పట్టీ వచ్చినచో షట్టరు తెర అలసినదన్నమాట.

ఇక మమ్ము ముంచిన లెన్సు సంగతి. మన కోస్తా జిల్లాలలో గాలియందు తేమ మెండు. సంచిలో కట్టి బీరువాలో పెట్టిన లెన్సుకు ఫంగస్ పట్టుట మన యూరగాయకు బూజు పట్టుట వంటిదే. లెన్సును కెమెరానుండి తీసి, రెండువైపుల మూతలు తొలగించి, వెనుకనుండి టార్చి వేసి ఏటవాలుగా లోనికి చూడుడు. నాలుగు ధూళికణము లున్నను వెఱవ బనిలేదు, అవి ఫోటోలో కానరావు. సన్నని దారములవలె, వేళ్లవలె ప్రాకినది కనబడినచో మాత్రము మూతపెట్టి తిరిగి యిచ్చివేయుడు. అది గాజుపై పూతను తినివేసినచో తుడిచినను మచ్చ పోదు. చవకయని తెచ్చి మంచి లెన్సుల సరసన నుంచుట అంతకన్న తెలివిమాలిన పని.

వ్యూఫైండరులో చుక్కలు కనబడినచో చాలమంది బెదరుదురు. అవి అద్దముపైననో దాని పైనుండు తెరపైననో ఉన్న దుమ్ము. ఫోటోకు హాని లేదు. హానిచేయునది సెన్సరుపైని మచ్చ. ఎఫ్ 16 వద్ద తెల్లని గోడనో ఆకాశమునో తీసి, ఫోటోను పెద్దది చేసి మూలమూలలు వెదకుడు. దుమ్మైనచో శుభ్రము చేయింపవచ్చును. 2012లో వెలువడిన నికాన్ డి600 కెమెరాలో ఈ మచ్చలు మరల మరల పడుచుండుటచే, 2014లో ఆ సంస్థయే షట్టరును ఉచితముగ మార్చి యిచ్చుటకు ఒప్పుకొన్నది. ఆ రకము కొనువారు షట్టరు మార్చిన కాగితము అడుగవలెను.

దృష్టి సరిగా కుదురుచున్నదో లేదో చూచుటకు గోడకు వార్తాపత్రిక అంటించి, వ్యూఫైండరుతో నొకటి, లైవ్ వ్యూతో నొకటి తీయుడు. రెండవదానిలో అక్షరములు స్పష్టముగ నుండి మొదటిదానిలో చెదరినచో, లోపము లోపలి ఫోకసు అమరికలో నున్నది.

మరియొక చిక్కు. నికాన్ 3000, 5000 తరగతుల కెమెరాలలో ఫోకసు మోటారు లేదు. “ఇదియు నికానే గదా” యని పాత ఏఎఫ్ లెన్సు తగిలించినచో అది తనంతట తాను ఫోకసు చేయదు, చేతితో త్రిప్పుకొనవలసినదే. కెనాన్ ఈఎఫ్-ఎస్ లెన్సులు ఆ సంస్థ ఫుల్ ఫ్రేము కెమెరాలకు అమరవు.

బ్యాటరీ ఉబ్బినదా, మరల తల అరిగి కెమెరాను విప్పిన జాడ కలదా, కార్డు పెట్టు చోట సూదులు వంగినవా అనునవి రెండు నిముషముల పని. బిల్లు మీది సీరియలు నంబరు, కెమెరా అడుగున నున్న నంబరు ఒకటి కాకున్న మాత్రము బేరమే వలదు. దొంగసొత్తు కొని పోలీసు స్టేషను మెట్లు ఎక్కుట మన కేల?

రెండవమారు మేము పగటివేళ, మా కార్డు, మా టార్చి, మా వారి ల్యాప్‌టాపు పట్టుకొని పోయితిమి. మొదటి యాతడు “ఇంత అనుమానమైతే క్రొత్తది కొనుక్కోండమ్మా” అని విసుగుకొనెను, నమస్కరించి వచ్చివేసితిమి. రెండవ యాతడు కుర్చీ వేసి, “నిదానంగా చూసుకోండి” అనెను. 23,000 లెక్క, శుభ్రమైన లెన్సు, సరియైన బిల్లు. చేతిపట్టు రబ్బరు మాత్రము ఒకవైపు ఊడినది. దానికై వేయి రూపాయలు తగ్గించుకొని, ఇంటికి వచ్చి జిగురుతో మేమే అంటించుకొంటిమి.