మునిగి తేలిన జలాంతర్గామి

బాలలారా! సముద్రం అడుగున మునిగిపోయిన ఒక జలాంతర్గామి మళ్ళీ పైకి తేలి, కొత్త పేరు పెట్టుకుని యుద్ధానికి వెళ్ళిందంటే నమ్ముతారా? ఇది కట్టుకథ కాదు. అమెరికా నౌకాదళంలో నిజంగా జరిగినదే.

1939వ సంవత్సరం ఆరంభంలో ఆ దళంలో రెండు జలాంతర్గాములు చేరాయి. స్కల్పిన్ జనవరిలోనూ, స్క్వాలస్ మార్చిలోనూ చేరాయి. రెండూ చేపల పేర్లే. రెండూ పోర్ట్స్‌మత్ నౌకా నిర్మాణశాలలో ఒకే నమూనా మీద తయారైనవి. కనుక వాటిని అక్కాచెల్లెళ్ళనుకోండి.

జలాంతర్గామి ఎలా మునుగుతుందో తెలుసునా? దాని పక్కల పెద్ద తొట్లుంటాయి. వాటిలోకి నీరు వదిలితే పడవ బరువెక్కి మునుగుతుంది. ఆ నీటిని గాలి ఒత్తిడితో బయటికి నెట్టివేస్తే తేలుతుంది. ఆ రోజుల్లో ఇవి నీటిపైన డీజిలు ఇంజన్లతోనూ, నీటిలోపల విద్యుత్తు మోటార్లతోనూ నడిచేవి. ఇంజన్లకు గాలి కావాలి గదా! అందుకు పైన ఒక పెద్ద గొట్టం ఉండేది. మునిగేముందు దాని మూత బిగించి తీరాలి.

1939 మే 23న ఉదయం స్క్వాలస్ పరీక్ష కోసం మునిగింది. లోపల పలకమీద దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. అంటే మూతలన్నీ పడినట్టే లెక్క. కాని గాలిగొట్టం మూత పడలేదు! సముద్రం వెనుక గదుల్లోకి దూకింది. ఒక నావికుడు మధ్యనున్న ఉక్కు తలుపును పట్టుకుని, పరుగెత్తుకు వచ్చిన వారిని ఇవతలికి రానిచ్చాడు. ఇక ఆగితే అందరూ మునుగుతారనగా తలుపు మూసివేశాడు. వెనుక గదుల్లో 26 మంది మరణించారు. ముందు గదుల్లో 33 మంది మిగిలారు. పడవ సుమారు 240 అడుగుల లోతున అడుగుకు తగిలింది. నాలుగు పెద్ద కొబ్బరిచెట్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినంత లోతన్నమాట!

లోపలివారు పైకి పొగ రాకెట్లు వదిలారు. టెలిఫోను తగిలించిన ఒక తేలుడుబుర్రను కూడా పైకి పంపారు. దాన్ని వెదికి పట్టుకున్నది ఎవరనుకున్నారు? అక్క స్కల్పినే! ఇద్దరు కెప్టెన్లూ ఒక్కక్షణం మాట్లాడుకున్నారో లేదో, తీగ తెగిపోయింది. ఆ తరువాత లోపలివారు సుత్తితో పడవ గోడను కొట్టి, ఆ చప్పుళ్ళతోనే సమాధానం చెప్పారు.

మరునాడు ఫాల్కన్ అనే ఓడ గంట ఆకారంలో ఉన్న ఒక ఉక్కు గదిని తెచ్చింది. గజ ఈతగాడు దిగి, పడవ మూతకు ఒక ఇనుప తాడు తగిలించాడు. ఉక్కు గది ఆ తాడు వెంబడి దిగి, మూతమీద అతుక్కుని కూర్చున్నది. మధ్యనున్న నీటిని తీసివేసి మూత తెరిచారు. నాలుగు విడతలలో 33 మందినీ పైకి తెచ్చారు. చివరి విడతలో తాడు చిక్కుపడితే, పైనున్నవారు చేతులతోనే ఆ గదిని పైకి లాగారు! అంత లోతునుంచి అంతమందిని రక్షించడం అదే మొదలు.

సెప్టెంబరులో స్క్వాలస్‌ను కూడా పైకి తేల్చి, బాగుచేసి, సెయిల్‌ఫిష్ అని పేరు మార్చారు. ఇదీ చేప పేరే. 1941 డిసెంబరులో జపానుతో యుద్ధం వచ్చింది. సెయిల్‌ఫిష్ పసిఫిక్ సముద్రంలో 12 సార్లు గస్తీకి వెళ్ళింది.

1943 డిసెంబరు 4. జపానుకు దగ్గరలో పెనుతుపాను. కొండలంత అలలమధ్య సెయిల్‌ఫిష్‌కు ఒక పెద్ద శత్రునౌక ఎదురైంది. అది విమానాలను మోసుకుపోయే చుయో. అర్ధరాత్రి మొదలు పొద్దెక్కేవరకు వెంటాడి, మూడుసార్లు టార్పీడోలతో కొట్టి దాన్ని ముంచింది. వెయ్యిమందికి పైగా మరణించారు. సెయిల్‌ఫిష్‌కు అమెరికా అధ్యక్షుని ప్రశంస లభించింది.

కాని అసలు సంగతి తరువాత తెలిసింది. అంతకు రెండు వారాల ముందే, నవంబరు 19న, ట్రూక్ దీవుల దగ్గర జరిగిన పోరులో స్కల్పిన్ దెబ్బతిన్నది. పడవ శత్రువు చేతికి చిక్కకూడదని నావికులే దాన్ని ముంచివేశారు. జపానువారికి చిక్కిన 41 మందిని రెండు ఓడల్లో జపానుకు పంపారు. వారిలో 21 మంది ఎక్కిన ఓడ ఏదో తెలుసా? చుయో! ఆ 21 మందిలో ఒక్కడే ఒక జపాను ఓడ నిచ్చెన పట్టుకుని బతికాడు. తక్కిన 20 మందీ సముద్రంలో కలిసిపోయారు.

చూశారా పిల్లలూ! చెల్లెలి జాడ తీసింది అక్క. నాలుగేళ్ళ తరువాత అక్క మనుషులనే చెల్లెలు చంపింది. సెయిల్‌ఫిష్‌లోని వారెవరికీ ఆ సంగతి తెలియదు. తెలిసే వీలూ లేదు. వారికి కనబడింది శత్రు ఓడ ఒక్కటే. దాని లోపల ఎవరున్నారో చీకట్లో, తుపానులో ఎవరు చెప్పగలరు?

యుద్ధమయ్యాక సెయిల్‌ఫిష్‌ను తుక్కుకు అమ్మారు. దాని పైభాగాన్ని మటుకు, 1939లో మరణించినవారి జ్ఞాపకార్థం, పోర్ట్స్‌మత్‌లో నిలిపి ఉంచారు. స్కల్పిన్ ఇప్పటికీ సముద్రం అడుగుననే ఉన్నది.

టార్పీడోకు గురి ఉంటుంది గాని, కళ్ళుండవు. 1939లో ఆ 33 మందిని బతికించినవారు మాత్రం చెవులు రిక్కించి సుత్తి చప్పుడు విన్నారు. ఈ రెంటిలో ఏది గొప్ప పనో మీ అమ్మానాన్నలతో కూర్చుని ఆలోచించండి.