నమూనా రైలుపట్టాల అతుకులు

నమూనా రైలుమార్గంలో ఒక పట్టా చివర మరొక పట్టా చివరతో కలిసే చోటును అతుకు అంటారు. అతుకు గరుకుగా ఉంటే బండి కుదుపుకు లోనవుతుంది, చక్రాలు పట్టా తప్పుతాయి. నమూనా ఇంజనుకు విద్యుత్తు పట్టాల ద్వారానే అందుతుంది కనుక ఒక్కొక్కసారి బండి నిలిచిపోతుంది కూడా.

కొలతలు

ఎక్కువ వాడుకలో ఉన్న హెచ్‌ఓ కొలతలో నమూనా అసలు పరిమాణంలో 87వ వంతు ఉంటుంది. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. గడ్డిఅన్నారం పక్కన దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగర్ చేరే మెట్రో మార్గం (ఈ భాగం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది) 1435 మి.మీ. ప్రామాణిక గేజిలో ఉంది. దీనిని 87తో భాగిస్తే 16.5 వస్తుంది. సమీపంలోని మలక్‌పేట స్టేషను గుండా పోయే మార్గం 1676 మి.మీ. బ్రాడ్‌గేజి, దానికి 19.3 మి.మీ. కావాలి. అందువలన హెచ్‌ఓ పట్టాలు మెట్రో నమూనాకు చక్కగా సరిపోతాయి కాని, ఎం.ఎం.టి.ఎస్. నమూనాకు ఇరుకవుతాయి.

అసలు రైలుమార్గంలో 13 మీటర్ల పట్టాలను ఫిష్‌ప్లేట్లు, బోల్టులతో బిగించేవారు. పాత ప్రయాణాలలోని టకటక శబ్దం ఆ అతుకులదే. తరువాత వెల్డింగు చేసిన పొడవైన పట్టాలు వచ్చి ఆ శబ్దం చాలావరకు పోయింది. నమూనాలో మాత్రం సుమారు 914 మి.మీ.కు (ఒక గజానికి) ఒక అతుకు తప్పదు. పట్టా అడుగు అంచుకు పలుచని రేకు తొడుగు ఎక్కించి రెండు ముక్కలను కలుపుతారు. ఈ పట్టాలను సాధారణంగా జర్మన్ సిల్వరుతో చేస్తారు. పేరులో వెండి ఉన్నా ఇది రాగి, నికెలు, జింకుల మిశ్రమం మాత్రమే.

లోపాన్ని గుర్తించడం

గోటిని పట్టా పైభాగాన, తరువాత లోపలి అంచున రెండు దిశలలోనూ నడపాలి. ఒక దిశలో తగిలి, ఎదురు దిశలో జారిపోతే అక్కడ మెట్టు ఉన్నట్లు. చిన్న ఖాళీ వలన బండి పడిపోవడం అరుదు, పడవేసేది మెట్టే. అందులోనూ చక్రపు అంచు రాసుకొనే లోపలి అంచు ముఖ్యం.

సవరించే విధానం

చాలామంది మొదటే ఆకురాయి పట్టుకొంటారు. ఇది సరికాదు. అరిగించిన లోహం తిరిగి రాదు, మెట్టు పోయి గుంట మిగులుతుంది. ముందుగా అతుకు విడదీసి చూడాలి. పట్టా అడుగు తొడుగులోనికి దూరక దాని పైకి ఎక్కి ఉండడం తరచుగా కనబడే కారణం. కోసినచోట మిగిలిన ముళ్ళను తీసివేయాలి. ఒక పట్టా కుంగి ఉంటే దాని స్లీపరు క్రింద దళసరి కాగితపు ముక్క పెట్టాలి. ఇవన్నీ అయిన తరువాతనే సన్నని ఆకురాయితో లోపలి పై అంచును కొద్దిగా వాలుగా రాయాలి. గరుకు ఉప్పుకాగితం వాడరాదు. దాని గీతలలో మురికి చేరి విద్యుత్తుకు అడ్డుపడుతుంది.

వంపులో వచ్చే అతుకు బయటికి కోణంగా పొడుచుకొని వస్తుంది. వంచడానికి వీలైన పట్టాలయితే, రెండు ముక్కలను తిన్నగా ఉంచి టంకం వేసి, ఆ తరువాత వంచాలి. ప్లాస్టిక్ స్లీపర్లు కరగకుండా టంకం వేసే వేడి సాధనాన్ని కొద్ది క్షణాలే తాకించాలి. లోపలి వైపు మిగిలిన టంకాన్ని రాసి తీసివేయాలి.

ఎండ ప్రభావం

హైదరాబాదులో మేడమీది గదిలో చలికాలపు రాత్రికి, మే నెల పగటికి 30 డిగ్రీల తేడా రావచ్చును. అంత తేడాకు 914 మి.మీ. పట్టా దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. అతుకులన్నింటికీ టంకం వేస్తే వేసవిలో పట్టాలు పక్కకు వంగిపోతాయి. కనుక వంపులలోని అతుకులకు టంకం వేసి, తిన్నని చోట్ల కొన్నింటిని వదలివేయాలి. చలికాలంలో పరిచేటప్పుడు ఆ వదలిన అతుకులలో కొద్దిపాటి ఖాళీ ఉంచాలి. మే నెలలో పరిస్తే ఆ అవసరం ఉండదు. టంకం లేని తొడుగు కాలక్రమేణా విద్యుత్తును సరిగా అందించదు గనుక ప్రతి పట్టా ముక్కకు క్రిందినుండి విడిగా తీగ కలపడం మంచిది.