నెలకు ఏడు వందలు ఏం చేస్తాయి?

పల్లెటూళ్ళో పేదింటికి నేరుగా డబ్బు చేతికిస్తే ఆ ఇంట్లో ఏం మారుతుందన్నది ఈ పూట మాట్లాడుకుందాం. ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్ళు నలుగురు కలిసినచోట ఈ ప్రస్తావన వస్తే ముందుగా వినపడే మాట ఒకటే: "ఏముందండీ, తాగేస్తారు." ఈ మాట మీద వాదించుకోనక్కర్లేదు, కొలిచి చూసినవాళ్ళున్నారు.

2011లో మధ్యప్రదేశ్‌లో 'సేవ' అనే మహిళా కార్మికుల సంఘం యూనిసెఫ్ సాయంతో ఒక ప్రయోగం చేసింది. ఎనిమిది ఊళ్ళు తీసుకుని, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అన్న తేడా పెట్టకుండా పెద్దవాళ్ళకు తలా నెలకు 200 రూపాయలు, పిల్లలకు తలా 100 ఇచ్చారు. ఏడాది గడిచాక 300, 150 చేశారు. పిల్లల వాటా తల్లికి అందేది. ఎలా ఖర్చు పెట్టుకోవాలన్న షరతేమీ లేదు. పోల్చి చూడడానికి డబ్బివ్వని ఊళ్ళు పన్నెండు ఉన్నాయి. ఆ పరిశోధన నడిపినవారిలో మన హైదరాబాదు శరత్ దావల గారు ఒకరు.

మొగుడూ పెళ్ళాం, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటికి నెలకు ఏడు వందలన్నమాట. అప్పటి లెక్కలో సుమారు పదిహేను డాలర్లు. ఇంత కొంచెం డబ్బు ఏపాటి పని చేస్తుందని మీకు అనిపించవచ్చు. అది తెలియాలంటే అప్పు సంగతి తెలియాలి.

మాది పాలమూరు. మా వైపు తొలకరి పడేసరికి చిన్న రైతు చేతిలో పైసా ఉండదు. విత్తనాలకు అప్పు తెస్తే నూటికి మూడు రూపాయల వడ్డీ, అంటే నెలకు మూడు, ఏడాదికి ముప్ఫై ఆరు. పదివేలు తెచ్చిన మనిషి ఆరు నెలలకు 1,800 వడ్డీ కట్టాలి. వడ్డీ ఒక్కటే అయితే ఎలాగో తట్టుకుంటాడు. పంట రాగానే ఆ అప్పిచ్చిన షావుకారుకే, ఆయన చెప్పిన ధరకే అమ్మాలి. ఆ అప్పు కూడా పుట్టని వాళ్ళు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఆలుబిడ్డలతో ఎక్కడికో మట్టిపనికి పోయేవాళ్ళు. పాలమూరు లేబర్ అన్న పేరు అలా వచ్చిందే. అడ్వాన్సు తీరేదాకా ఇంటికి రావడానికి లేదు. పిల్లల చదువు అక్కడితో సరి.

నెలనెలా తప్పకుండా వచ్చే ఏడు వందలు ఈ చక్రంలో సరిగ్గా అప్పు పుట్టే చోట అడ్డం పడతాయి. పిల్లకి జ్వరమొస్తే అయిదు వందల కోసం ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. విత్తనాలకు నాలుగు నెలల ముందునుంచీ కొంత కొంత దాచుకోవచ్చు. మధ్యప్రదేశ్ ఊళ్ళలో జరిగింది ఇలాంటిదే. కూలికి పోవడం తగ్గించి సొంత పొలంలో ఎక్కువ పని చేశారు. మేకలు కొనుక్కున్నారు. పిల్లల బరువు పెరిగింది, ముఖ్యంగా ఆడపిల్లలది. బడికి వెళ్ళడమూ పెరిగింది. తాగుడు మాత్రం పెరగలేదు. నాకు ఇందులో వింతేమీ కనపడలేదు. వారం కూలి ఒక్కసారిగా చేతిలో పడిన రోజున తాగే మనిషి, ఇంటిల్లిపాదికీ ఎంతొస్తుందో అందరికీ తెలిసిన డబ్బు తీసుకెళ్ళి తాగడం అంత సులువు కాదు.

అయితే నెలనెలా ఇవ్వడం మేలా, ఒక్కసారే ఇవ్వడం మేలా? కెన్యాలో గివ్ డైరెక్ట్లీ అనే సంస్థ సెల్‌ఫోన్ ద్వారా డబ్బు పంపి ఇది కూడా చూసింది. నెలనెలా అందినవాళ్ళకు తిండికి కొరత తగ్గింది. ఒకేసారి అందినవాళ్ళలో చాలామంది గడ్డి కప్పు తీసేసి రేకులు వేయించుకున్నారు. ఏటేటా గడ్డి మార్చే ఖర్చు తప్పింది కాబట్టి అదీ పొదుపే. తరవాత అక్కడే సియాయా ప్రాంతంలో పదివేలకు పైగా కుటుంబాలకు దాదాపు వెయ్యి డాలర్ల చొప్పున ఇచ్చి చూస్తే, డబ్బు అందని పొరుగువాళ్ళ రాబడి కూడా పెరిగింది. ధరలు మాత్రం దాదాపు కదలలేదు.

ఇక మన సంగతి. తెలంగాణలో 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు, మరుసటి ఏడాది నుంచి 5,000. సరిగ్గా విత్తనాల వేళకు చేతికందేలా పెట్టడం మంచి ఆలోచన. కాని అది పట్టా ఉన్నవాళ్ళకు, పట్టాలో ఎంత భూమి ఉంటే అంతకు. కౌలుదారుకు వచ్చేది కాదు. మా నాన్నగారి పేరున నాలుగెకరాలుంది, నలభై ఏళ్ళుగా దున్నుతున్నది వేరేవాళ్ళు. ఆ మే నెలలో 16,000 రూపాయలు నాన్నకు అందాయి. ఆయన ఆ మొత్తం కౌలులో తగ్గించేశారు. "ఈసారి విత్తులకు అప్పు తీసుకోలే పటేలా" అని ఆ రైతు ఫోన్లో చెప్పాడట.

అందరిళ్ళలో అలా జరగలేదు. మీలో చాలామందికి ఊళ్ళో కౌలుకిచ్చిన పొలాలున్నాయి. 2025 నుంచి రైతు భరోసా పేరుతో ఎకరానికి ఏడాదికి 12,000 అన్నారు. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో, దున్నేవాళ్ళకు అందులో ఏమైనా చేరుతోందో ఒకసారి అడిగి చూడండి.