దర్వాజంత ఎత్తు దేశం

మన బంట్వారం మండలానికి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. కానీ పక్కనే తాండూరు గనుల్లో తీసి మన ఇళ్లలో పరిచే బండలు ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే. మాల్దీవులు, తువాలు, కిరిబాటి అనే దీవి దేశాలు కూడా సున్నపు నేలలే, పగడపు జీవులు కట్టినవి. ఇక్కడి సముద్రం ఏనాడో వెనక్కి పోయింది. అక్కడిది మీదికి వస్తోంది.

ప్రపంచంలోకెల్లా పల్లపు దేశం మాల్దీవులు. సగటు ఎత్తు మీటరున్నర. సహజ నేలలో అన్నిటికంటే ఎత్తైన చోటు సుమారు 2.4 మీటర్లు, అంటే ఇంటి దర్వాజ కంటే జానెడు ఎక్కువ! 2009 అక్టోబర్ 17న అధ్యక్షుడు మహమ్మద్ నషీద్, మంత్రులు గాలి సిలిండర్లు కట్టుకుని నీటి అడుగున మంత్రివర్గ సమావేశం జరిపారు. కర్బన ఉద్గారాలు తగ్గించమని వేడుకునే పత్రం మీద అక్కడే సంతకాలు పెట్టారు.

నేల మునగడం కంటే ముందే తాగునీరు పోతుంది. ఈ సంగతి చాలామందికి తట్టదు. చిన్న పగడపు దీవుల్లో వాగులుండవు. ఇసుకలోకి ఇంకిన వాన నీరు కింది ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతుంది. అక్కడి బావి నీరు అదే. పోటెత్తిన సముద్రం ఒక్కసారి దీవి మీదికి వచ్చిందంటే ఆ పొర ఉప్పగా మారుతుంది. తువాలులో గుంతలు తవ్వి పెంచే పులక అనే చేమ జాతి దుంప ఆ ఉప్పుకు తట్టుకోలేదు. మాల్దీవుల రాజధాని మాలే సముద్రపు నీటిని శుద్ధి చేసుకుని తాగుతుంది. 2014 డిసెంబర్‌లో ఆ శుద్ధి ప్లాంటులో మంటలు లేచి దాదాపు లక్ష మందికి నీళ్లు ఆగిపోతే, మన దేశం విమానాల్లో, నౌకల్లో నీళ్లు పంపింది. దానికి పెట్టిన పేరు ఆపరేషన్ నీర్. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టిన ఊళ్లకు ఆ కష్టం వేరే చెప్పాలా?

తువాలు మొత్తం 26 చదరపు కిలోమీటర్లు, మన మండలం కంటే చిన్నది. 2023లో ఆస్ట్రేలియాతో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా 280 మంది అక్కడికి వెళ్లి స్థిరపడవచ్చు. 2025లో వాళ్లను ఎంచే తొలి లాటరీకే, కుటుంబ సభ్యులతో కలిపి, జనాభాలో ఎనభై శాతానికి పైగా పేర్లిచ్చారు. సముద్రం ఎంత పెరిగినా తువాలు దేశంగానే కొనసాగుతుందని ఆ ఒప్పందంలో రాసుకున్నారు. ఆ వాక్యం రాయాల్సి రావడమే నన్ను కలచివేస్తుంది.

కిరిబాటి ముందుజాగ్రత్తగా 2014లో ఫిజీలోని వనువా లెవు దీవిలో సుమారు 5,500 ఎకరాలు కొంది. 1903 నుంచి 1916 వరకు మద్రాసు ఓడలెక్కి ఫిజీ చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వనువా లెవులోని లబాసా కూడా చెరకు పట్టణమే. ఇదే దీవిలో వునిదోగొలోవా అనే తీరపు ఊరిని 2014లో సముద్రపు కోతకు తాళలేక మొత్తంగా లోపలికి, సుమారు రెండు కిలోమీటర్లు తరలించారు. అలా లేపాల్సిన ఊళ్లు ఇంకా నలభై దాకా ఉన్నాయని ఫిజీ ప్రభుత్వం లెక్క తేల్చింది.